మంజీర మడిచిన పేజీ

1. ముచ్చట రోజు

ఇవాళ సాయంత్రం మైకులో నా బిడ్డ మాట్లాడింది. నా బిడ్డ పోయి నెల దాటింది.

ఇది రాసి పెట్టకపోతే రేపటికి కల అనుకుంటాను. అందుకే పలక తీశాను. ఎంత రాసినా నిండని ఈ పలక నా బిడ్డ మంజీరదే. నాకు అక్షరాలు నేర్పింది కూడా అదే. "అవ్వా, రోజుకు నాలుగు ముక్కలన్న రాయి. లేకుంటె చేతికి తుప్పు పడ్తది" అనేది. అది ఉన్నన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తప్పులుంటే ఉండనీ, దిద్దేవాళ్లు లేరు.

పొద్దంతా పుట్టగొడుగుల మళ్లకు తడి పెట్టి, ఇంటికొచ్చి సంకటి కెలికాను. మా ఆయన లస్మయ్య పంపు దగ్గర డ్యూటీ దిగి వచ్చాడు. లైట్లు ఎర్రబడ్డాయి. అంటే పైన పొద్దు గూకింది. ముచ్చట రోజు కదా, అందరూ గుమ్మాల్లో కూర్చున్నారు. ఈ రోజున నేల కింద మా మూడో లెవల్లో ఒకరు మైకులో పుస్తకాల సంగతి చెబుతారు. ఏది చదవాలో, ఏది వద్దో. రెండేళ్లుగా ఆ వంతు మంజీరది. అది పోయాక మైకు కాసేపు గరగరమని ఆగిపోయేది. అయినా ఎవరూ లేచి పోయేవారు కాదు. ఆ గరగరే విని పడుకునేవారు.

ఇవాళ గరగర తర్వాత గొంతు వచ్చింది.

"«తాళం వేసిన పడవ» మిగతా సగం చెప్తనన్న కద. మొత్తం చదివిన. మంచి పుస్తకం. చంపినోడు దొరికిండు. ఎవరో చెప్తె మీకు మజా ఉండది. పడవ లోపలికి నీళ్లొస్తె ఎట్ల ఎల్లగొట్టిన్రో, ఆ జాగ మస్తుగ రాసిండు. అందరు చదవాలె."

అంతే. నేను గుమ్మంలో అలాగే ఉండిపోయాను. వీధిలో ఎవరో ఏడ్చారు. పక్కింటివాళ్లు వచ్చి, "ముందుగాలనే చెప్పి పెట్టుకున్నదేమోనే ఓదెమ్మా, ఆ పొల్ల ఎప్పుడు నాలుగడుగులు ముందుంటది గద" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. చూసుకుంటే ఒళ్లో పళ్లెం ఖాళీగా ఉంది. ఎప్పుడు తిన్నానో తెలియదు.

2. పంకాలు కడిగే రోజు

నిద్ర పట్టలేదు. ఒక్క మాట ముల్లులా గుచ్చుతోంది. "మంచి పుస్తకం."

మంజీర ఏ పుస్తకాన్నీ ముందు మెచ్చుకోదు. ముందు తిట్టాలి, తర్వాతే మెచ్చాలి. అది దాని పద్ధతి. దెయ్యం కథ ఒకటి చెప్పింది, «దాహం వేసిన దెయ్యం» అని. "సగం పుస్తకం దాక దెయ్యమే రాదు, రాసినాయన బద్దకపోడు. వచ్చినంక మాత్రం నీళ్లడుగుతది. అప్పటిసంది నేను బిందె మీద మూత పెట్టకుంట పండుకుంటలేను" అంది. ఆ వారం మా వీధిలో బిందెలన్నింటికీ మూతలు వచ్చాయి. వంటల పుస్తకం చెప్పినప్పుడు, "ఈమెకు ఉప్పు లెక్క తెల్వది. అయినా ఆకలి మీద చదవకుర్రి, పేజీలు నాకుతరు" అంది. రైలు ఆగని చిన్న చిన్న స్టేషన్ల చరిత్ర ఒకటుంటే, "తారీఖులే తారీఖులు, తల నొచ్చింది. కాని బండి ఆగకపోయినా రోజూ ఊడ్చి, దీపం పెట్టిన స్టేషన్ మాష్టర్ను చదివి ఏడ్చిన" అంది. కవిత్వం గురించయితే ఇంకా ఘోరం. "సగం సమజ్ కాలె. సమజైన సగం కోసం ఆ సగాన్ని మాఫ్ చేసిన" అని.

ఆఖరిసారి చెప్పింది కూడా ఈ పడవ గురించే. "లాంచిల గది, లోపలి దిక్కున తాళం, లోపల శవం. రాసినాయనకు లంగరంటె ఏందో ఎరుక లేదు. అయినా నాకు నిద్ర పడ్తలేదు. సగమే అయింది. నా అనుమానమంత వంటాయన మీద. నిజమో కాదో వచ్చే ముచ్చట్ల చెప్త."

మర్నాడు తెల్లారకముందే ఏరుకొచ్చేవాళ్లతో పైకి పోయింది. పాడుబడ్డ ఇళ్లలో వాళ్లు రాగి తీగలు, అద్దాలు ఏరితే, ఇది వాటితోపాటు పుస్తకాలు ఏరేది. ఆ రోజు వడగాలి పొద్దున్నే తిరిగింది. అందరూ దిగొచ్చారు. దీన్ని మోసుకొచ్చారు.

సగం చదివి పోయిన పిల్ల, మిగతా సగం ఎప్పుడు చదివింది?

3. నీళ్ల రోజు

గూడుకు వెళ్లాను. గూడు అంటే మా లెవల్ పుస్తకాల గది. అక్కడే గొంతుపెట్టె ఉంటుంది. దాన్ని చూసుకునేది అనసూయ, నాకు వరసకు ఆడబిడ్డ.

ముచ్చట చెప్పేవాళ్ల గొంతు ఆ పెట్టెలో ఉంటుంది. జలుబు చేసినా, డ్యూటీ పడినా, చెప్పాలనుకున్నది రాసి, మెడలోని రాగి బిళ్ళ ఆనిస్తే చాలు, పెట్టె మన గొంతుతోనే చెబుతుంది. బిళ్ళ లేనిదే పెట్టె పలకదు. మనిషి పోతే లాంపు గదిలో వాళ్ల పేరున్న మేకుకు బిళ్ళను అప్పజెప్పాలి. మంజీర బిళ్ళ అప్పజెప్పానని లస్మయ్య చెప్పాడు.

వెళ్తూ లాంపు గదిలో చూశాను. మంజీర పేరున్న మేకుకు బిళ్ళ లేదు.

"అనసూయా, బిళ్ళ లేకుండ గొంతెట్ల లేసింది?" అన్నాను.

అది పుస్తకాలకు దుమ్ము కొడుతూనే ఉంది. "బిళ్ళ ఎవరి దగ్గరున్నదో వాళ్లనే అడుగు వదినె."

"ఎవరి దగ్గరున్నది?"

"నేను చెప్పేది కాదది." నా మొహం చూడకుండా అంది. తర్వాత గుడ్డ కింద పెట్టి, "చెప్పితె ఇను. గొంతు వాడకపోతె తుడిచి, ఆ జాగ ఇంకొకలకిస్తరు. ఇప్పుడు వాడుతున్నరు, అందుకే ఉన్నది. ఊకె తవ్వకు" అంది.

నాకు అనుమానం ఎక్కువ అని అందరూ అంటారు. మళ్లలో పుట్టగొడుగులు కూడా కళ్లతో కొలిచి వస్తానని నవ్వుతారు. నవ్వనీ. కళ్లు తిప్పుకుని మాట్లాడే మనిషిని నమ్మమని ఏ పుస్తకంలో రాసుంది?

4. ముచ్చట రోజు

ఇవాళ ఏం చెప్పిందో తెలుసా, నా బిడ్డ గొంతు? «నీటి మోటార్ల జబ్బులు, మందులు».

"మంచి పుస్తకం. బొమ్మలు సాఫ్‌గ ఉన్నయి. మోటరు దగ్గుతె ఏం చెయ్యాలె, ఉరిమితె ఏం చెయ్యాలె అన్ని ఉన్నయి. ఇంటికొకటి ఉండాలె."

వీధి వీధంతా నవ్వింది. అవతలి గుమ్మంలోంచి ఎవరో, "పొల్లకు అక్కడ మోటరు కాడ డ్యూటీ పడ్డట్టున్నది" అన్నారు. ఆ మాటకు ఇంకా నవ్వారు. ఎవరూ చెడ్డగా నవ్వలేదు, అది నాకు తెలుసు. అయినా కడుపు మండింది. నా బిడ్డ ముచ్చట చెబితే వీధి ఊపిరి పట్టుకుని వినేది.

లస్మయ్య వంక చూశాను. తల దించుకుని సంకటి ముద్ద చేస్తున్నాడు. "ఇన్నవా?" అన్నాను. "ఊఁ" అన్నాడు. బిడ్డ పోయినప్పటి నుంచి ఈయన నోట్లో ఉన్న మాట అదొక్కటే. అంతకుముందు మాత్రం ఎన్నున్నాయి గనుక.

నా బిడ్డను నవ్వులపాలు చేస్తే ఎవరికి లాభం? ఆలోచించాను. ఒక్క పేరే తోచింది. పురుషోత్తం సారు.

మంజీరకన్నా ముందు ముచ్చట వంతు ఆయనది. పిల్లలకు పాఠాలు చెప్పే సారు, ఎన్ని పుస్తకాలు చదివాడో లెక్క లేదు. కానీ ఆయన మైకు ముందు కూర్చుంటే వీధిలో గురకలు వినిపించేవి. వంతు మంజీరకు ఇచ్చినరోజు, "పిల్ల చేష్టలకు ఎక్కువ రోజులుండవులే" అన్నాడట. ఆ మాట నేను మరిచిపోలేదు.

5. పంకాలు కడిగే రోజు

మంజీర మంచం కింద ఒక దొంతి ఉంది. పైనుంచి ఏరుకొచ్చి, ఇంకా చదవని పుస్తకాలు. అది పోయాక నేను వాటిని ముట్టలేదు.

ఇవాళ ఊడుస్తూ వంగి చూస్తే మనసు ఝల్లుమంది. మంజీర పుస్తకాల వెన్నులు గోడవైపు పెట్టేది, పేర్లు చూసి ఎవరూ అడగకుండా. ఇప్పుడు పేర్లు ఇటు తిరిగి ఉన్నాయి. మోటార్ల పుస్తకం పైన ఉంది. పడవ పుస్తకం దాని కింద ఉంది.

ఎవరో నా ఇంట్లోకి వస్తున్నారు. నేను మళ్ల దగ్గర ఉన్నప్పుడు వచ్చి, బిడ్డ పుస్తకాలు తీసుకుపోయి, చదివి, మళ్లీ పెట్టిపోతున్నారు. దొంగ దొంగతనం చేసి సర్దిపెట్టి పోవడం ఎక్కడైనా ఉందా?

లస్మయ్యకు చెప్పాను. "తాళమెయ్యి మరి" అన్నాడు, చెప్పులు విప్పుతూ. అంతే. బిడ్డ పుస్తకాలు పోతుంటే ఈ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు.

6. ముచ్చట రోజు

ఇవాళ పిల్లల బొమ్మల పుస్తకం. «ఏనుగుకు చెప్పుల జత». ఏనుగు కాళ్లు కాలుతున్నాయని ఊరంతా కలిసి చెప్పులు కుట్టడం. "మంచి పుస్తకం. పెద్దోళ్లు సుత చదవొచ్చు. నేను మూడు మాట్ల చదివిన. చెప్పులు తొడిగినంక ఏనుగు నడిచే బొమ్మ చూడుర్రి" అంది గొంతు. ఈసారి వీధిలో ఎవరూ నవ్వలేదు. ఎందుకో తెలియదు, అందరూ నెమ్మదిగా లేచి లోపలికి పోయారు.

నాకు కూడా ఆ ఏనుగు బొమ్మ చూడాలనిపించింది. అనిపించినందుకు నామీద నాకే కోపం వచ్చింది. ఎవడో దొంగ మాటలకు నేను కరగడమేంటి?

ఒక ఉపాయం చేశాను. మంజీరకు ఒళ్లుమంట పుట్టించిన పుస్తకం ఒకటుంది. «లేచింది మొదలు గెలుపే» అని, పైకి రావడానికి సలహాలు. అది చదివి గోడకేసి కొట్టింది. "పైకి వచ్చుడు కాదు, పైకి పోయి చూడమను ఒకసారి" అని తిట్టింది. అటక మీద పడి ఉన్న ఆ పుస్తకాన్ని దుమ్ము తుడిచి దొంతిలో అన్నిటికన్నా పైన పెట్టాను.

నిజంగా నా బిడ్డ ముందుగా చెప్పి పెట్టుకున్న మాటలే అయితే, ఆ పుస్తకం పేరు మైకులో రాదు.

7. ముచ్చట రోజు

వచ్చింది.

"«లేచింది మొదలు గెలుపే». మంచి పుస్తకం. ధైర్యం చెప్పిండు. అట్ట మంచిగున్నది."

ఇక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. మా ఇంటి దొంతిలోంచే తీస్తున్నారు, నా బిడ్డ నోట్లో తమ మాటలు పెడుతున్నారు. చెప్పులేసుకుని లాంపు పట్టుకుని బయలుదేరాను. లస్మయ్య లేచి నిలబడ్డాడు. "యాడికే?"

"పంచ్ కాడికి."

"ఎందుకు?"

"బిడ్డ గొంతు దొంగలు ఎత్తుకపోతె ఊకుంటవా నువ్వు?"

ఏదో అనబోయాడు. నేను ఆగలేదు.

మా దగ్గర ఫిర్యాదు చేయాలంటే కాగితాలు ఉండవు. మన లాంపు తీసుకెళ్లి, తగువులు తీర్చే పంచ్ గది ముందు పెట్టి రావాలి. అంతే, ఫిర్యాదు పడినట్టే. పెట్టిన లాంపును వినేదాకా వెనక్కి తీసుకోకూడదు. చీకట్లో గోడ పట్టుకుని ఇంటికి రావాలి. అంత కష్టమైతే గానీ ఎవరూ ఊరికే ఫిర్యాదు చేయరని పెద్దలు పెట్టారట.

దారిలో అనసూయ ఎదురొచ్చింది. నా చేతిలో లాంపు చూసి చెయ్యి పట్టుకుంది. "వదినె, వద్దు. తప్పుడు మాటలని తేలితె గొంతు తుడుచుడే. మళ్ల రాదది."

"తప్పుడు మాటలని నీకెట్ల ఎరుక?"

అది చెయ్యి వదిలేసింది. ఇందులో దీనికీ భాగముందని అప్పుడు నా అనుమానం గట్టిపడింది. లాంపు పెట్టాను. "ఎవరి మీదనే?" అని లోపలి నుంచి నాంపెల్లవ్వ అడిగింది. మా లెవల్ పెద్ద ఆమె. "పురుషోత్తం సారు మీద" అని గట్టిగా చెప్పాను. వీధిలో నలుగురు విన్నారు. రేపు వింటానని చెప్పింది.

8. పంకాలు కడిగే రోజు

ఈ ఒక్క రోజును ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున లస్మయ్య సద్ది మరచి పోయాడు. సాయంత్రం పంచ్. ఆకలితో కూర్చుంటాడని సద్ది పట్టుకుని బయలుదేరాను. పెళ్లయిన కొత్తలో పోయానేమో పంపు దగ్గరికి. తర్వాత సద్ది మోసింది ఎప్పుడూ మంజీరే. లాంపు లేదు కదా, నీళ్ల గొట్టం పట్టుకుని, పంపు చప్పుడు వినిపించే వైపుకు నడిచాను.

దగ్గరికి వచ్చేసరికి పంపు చప్పుడు మధ్యలో మనిషి గొంతు వినిపించింది. ఎవరో చదువుతున్నారు. పిల్లలు బడిలో చదివినట్టు, ఒక్కో అక్షరం తొక్కుకుంటూ, పంపు కన్నా గట్టిగా.

"గా... లికి... తూ... కం... వే... సినోడా... నీ త... రాజు... ఏది..."

దొరికాడు దొంగ, అనుకున్నాను. సద్ది గిన్నె ఎత్తి పట్టుకుని మూల తిరిగాను.

పంపు మీద లస్మయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కవిత్వం పుస్తకం. వేలు అక్షరం మీద. మెడలో రెండు బిళ్ళలు. ఒకటి ఆయనది.

నన్ను చూశాడు. పుస్తకం మూయలేదు, దాచలేదు. వేలు కూడా తీయలేదు, జాగా పోతుందని.

"నీకు చదువెక్కడిది?" అన్నాను. నా నోట్లోంచి మొదట వచ్చింది అదే.

"బిడ్డ చెప్పింది. సద్ది తెచ్చినప్పుడల్ల. నేను తింటాంటె అది చెప్పేది."

"నాకొక్కదానికే చెప్పిందనుకున్న."

"నేను సుత గట్లనే అనుకున్న" అన్నాడు.

ఎత్తి పట్టుకున్న గిన్నె దించాను.

"దొంగోలె ఎందుకు చేసినవయ్యా ఈ పని?"

"మాట ఇచ్చి పోయింది గదనే. మిగత సగం చెప్తనన్నది. నీళ్లకొచ్చినోళ్లందరు నన్నే అడుగుడు. 'లస్మన్నా, వంటాయననేనా చంపింది?' అని. నాకేం తెల్సు? రోజుకు రెండు పేజీలు పట్టి పట్టి చదివిన. చదివినంక చెప్పకపోతె ఎట్లుంటది? నా గొంతుతోని చెప్తె ఎవలింటరు?"

"ఒక్కసారి చెప్పినవ్. మాట తీరింది. మళ్ల మళ్ల ఎందుకు?"

అప్పుడు తల ఎత్తాడు. "ఆ దినం నువ్వు పళ్లెం ఖాళీ చేసినవే ఓదెమ్మా. నెల తర్వాత. ఎట్ల బందు పెట్టాలె?"

గొట్టం మీద కూర్చున్నాను. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తిట్టడమే వచ్చింది.

"మంచి పుస్తకం, మంచి పుస్తకం! ఏ పుస్తకమన్న మంచిదేనా నీకు? బిడ్డ ఎన్నడన్న తిట్టకుండ మెచ్చిందా? గా గెలుపు పుస్తకాన్ని సుత మెచ్చితివి, అది గోడకు కొట్టిన పుస్తకం!"

"నాకేమెరుక? దొంతిల ఉన్నది. బిడ్డ మోసుకొచ్చిన పుస్తకాలు, ఎట్ల తిట్టబుద్దయితది?"

అనసూయకు మొదటి నుంచీ తెలుసట. పెట్టెలో రాయడం ఈయనకు రాకపోతే అదే పక్కన కూర్చుని చూపించిందట. నిన్న నన్ను ఆపబోయింది అందుకే.

"నిన్న లాంపు పట్టుకొని పోతాంటె చెప్పకపోతివి?"

"చెప్తె, ఇగ మైకుల బిడ్డ ఉండది గదా నీకు" అన్నాడు.

సద్ది విప్పి ముందు పెట్టాను. తింటున్నాడు. ఒక్కటి అడగకుండా ఉండలేకపోయాను. "ఇంతకు వంటాయననేనా?"

నమలడం ఆపి నా వంక చూశాడు.

"వద్దు, చెప్పకు" అన్నాను.

9. అదే రోజు, పంచ్ తర్వాత

పంచ్ గది నిండిపోయింది. పురుషోత్తం సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"నలభై ఏళ్లుగా పుస్తకాల మధ్య బతికినవాణ్ని. నన్ను పుస్తకాల దొంగ అంటారా? మోటార్ల పుస్తకం నేను చదువుతానా? పోనీ, చదివితే అంత అన్యాయంగా చెబుతానా? నాకు మర్యాద దక్కాలి. ఆ వంతూ తిరిగి దక్కాలి" అన్నాడు.

నేను లేవబోతే లస్మయ్య లేచాడు. "సారుకేం సంబంధం లేదు. నేనే" అన్నాడు. మెడలోంచి బిళ్ళ తీసి నాంపెల్లవ్వ ముందు పెట్టాడు. ఎవరో వెనక నుంచి, "మోటరు పుస్తకం అప్పుడే అనుకున్నం" అని గొణిగారు.

నాంపెల్లవ్వ బిళ్ళను చాలాసేపు చూసింది. ఆమె కూడా బిడ్డను పోగొట్టుకున్న మనిషే, చాలా కాలం కిందట. తర్వాత నాతో అంది:

"ఓదెమ్మా, తల్లివి నువ్వు. లాంపు నీది. మగడు చెప్పింది నేనింకా చెవిల ఏసుకోలె. నువ్వు చెప్పేదే లెక్క. ఆ మాటలు నీ బిడ్డ చెప్పుమన్నయే అంటె, నీ లాంపు తీస్కపో, గొంతు ఉంటది, ఎవరింటికి వాళ్లు పోతం. కాదంటె తుడుచుడే. చెప్పు."

అంత సులువుగా దారి ఇచ్చింది ముసలామె. అవును అంటే చాలు. వారం వారం గుమ్మంలో కూర్చుంటే నా బిడ్డ మాట్లాడుతుంది. సారు కూడా చొక్కా గుండీ తిప్పుకుంటూ నేల చూస్తున్నాడు.

లస్మయ్య నా వంక చూస్తున్నాడు. అవును అనమని ఉంది ఆ చూపులో.

నా బిడ్డ గొంతు వినాలని నాకు లేదా? కానీ వారం వారం చెవులు రిక్కించి, ఈ మాట దానిదేనా, ఈ మాట కాదేమో అని వెతుకుతాను. నా బుద్ధి నాకు తెలుసు. చివరికి అది నిజంగా చెప్పిన మాటలను కూడా నమ్మలేని రోజు వస్తుంది. ఊరిలో ఎవరినైనా అనుమానిస్తాను. నా బిడ్డ గొంతును అనుమానిస్తూ బతకలేను. పైగా పుస్తకం గురించి అబద్ధం చెబితే దానికి పట్టరాని కోపం.

"కావు" అన్నాను. "నా బిడ్డ అయితె ముందు తిట్టేది."

తుడిచే ముందు ఒక్కసారి వినిపించమని అడిగాను. అది నిజంగా చెప్పిన ఆఖరి ముచ్చట. అనసూయ గూడుకు పోయి మీట నొక్కింది. లంగరంటే ఎరుక లేదన్న దగ్గర అందరూ నవ్వారు, కళ్లు తుడుచుకుంటూనే. "నిజమో కాదో వచ్చే ముచ్చట్ల చెప్త" అంది మంజీర. తర్వాత గరగర. తర్వాత ఆ గరగర కూడా లేదు.

సారు దగ్గరికి వెళ్లాను. "సారూ, మిమ్మల్ని దొంగ అన్న. తప్పయింది."

"తప్పే" అన్నాడు.

వంతు సంగతి వచ్చింది. పోయినవాళ్ల ఇంట్లో చదివేవాళ్లుంటే వంతు ముందు వాళ్లదే అన్నది నాంపెల్లవ్వ. "ఆ ఇంట్లో చదివేవాళ్లెవరున్నారు ఇప్పుడు?" అన్నాడు సారు, అలవాటుకొద్దీ.

లస్మయ్య చెయ్యి ఎత్తాడు. బడిలో పిల్లవాడిలాగ, సగం దాకా.

10. ముచ్చట రోజు

ఇవాళ మైకు గరగరమంది. తర్వాత పెద్ద దగ్గు.

"నేను పంపు లస్మయ్యను. «లేచింది మొదలు గెలుపే» అని ఒక పుస్తకమున్నది. మొన్న మంచిగున్నదన్న. అబద్ధం. మంచిగ లేదు. పొద్దుగాల లేసి ఎండల ఉరకమన్నడు. ఎండల ఉరికితె ఏమైతదో ఆయనకేం ఎరుక?"

వీధి బిగుసుకుపోయింది. నాకు తెలుసు అందరి కళ్లు నా గుమ్మం మీదే ఉన్నాయని. మైకులో ఊపిరి వినిపించింది. తిట్టాడు, ఇక మెచ్చాలి కదా. పద్ధతి నేర్పి పంపింది నేనే. ఏం దొరకదు ఆ పుస్తకంలో అనుకున్నాను.

"అట్ట మాత్రం గట్టిగున్నది. మా పంపు కాలు కింద పెట్టిన. ఊగుడు బందయింది. పంపు ఊగేటోళ్లు ఎవరన్న ఉంటె చదవకుంటనే తీస్కోర్రి."

మొదట నవ్వింది ఎవరో తెలుసా? మూడో గుమ్మంలోంచి పురుషోత్తం సారు. ఆయన పాఠాలు తప్ప నవ్వు ఎవరూ వినలేదు ఇంతవరకూ.

లస్మయ్య ఇంటికి వచ్చి, "ఎట్లుండె?" అన్నాడు.

"దగ్గు ఎక్కువైంది" అన్నాను. "ముచ్చట పర్వాలె."

11. పంకాలు కడిగే రోజు

మళ్ల నుంచి తొందరగా వచ్చాను. దొంతిలోంచి పడవ పుస్తకం తీశాను. వారం నుంచి చదువుతున్నాను. నాకు ఆయన అంత వేగం కూడా లేదు. లంగరు సంగతి మంజీర చెప్పింది నిజమే, ఒకచోట తాడు కట్టాడు, తర్వాత పేజీకి గొలుసు అయింది. నాకే తెలిసింది, రాసినాయనకు తెలియలేదు.

వంటాయన మీద దానికి అనుమానం ఎందుకొచ్చిందో కూడా తెలిసింది. అడగకముందే అందరికీ చాయ్ ఇస్తుంటాడు. మంజీరకు అలాంటివాళ్లంటే పడదు. నాకు మాత్రం ఆ పడవలో టికెట్లు చింపేవాడి మీద కన్నుంది. మనిషితో మాట్లాడుతూ కళ్లు తిప్పుకుంటాడు. అయినా ఆ ఒక్క గుర్తు పట్టుకుని నేను ఎంతమందిని తప్పు పట్టానో ఈ మధ్యనే చూశాను కదా. అందుకని ఇంకా ఏమీ తేల్చుకోలేదు.

లస్మయ్య పక్కన కూర్చుని నా మొహమే చూస్తున్నాడు. ఆయనకు అంతా తెలుసు. నేను "ఆఁ!" అన్నప్పుడల్లా మూతి బిగబట్టుకుంటున్నాడు.

"లోపలికి పో. నీ మొహం చూస్తె తెలిసిపోతది" అన్నాను. లేచి పోయాడు.

ఇప్పుడు మూల మడిచిన పేజీ వచ్చింది. మంజీర ఆగింది ఇక్కడే. ఇక్కడి దాకా ప్రతి పేజీ అది చూసిన పేజీ. ఆయన దీన్ని దాటి పోయాడు కానీ, మడత మాత్రం విప్పలేదు. నేనూ విప్పలేదు.

ఇక ముందున్నది నా బిడ్డకు తెలియదు. వంటాయనో, టికెట్లవాడో, చదివి నేనే దానికి చెప్పాలి.

పేజీ తిప్పాను.